‘సైజు’ అనే ఒక్క మాటలో నాలుగు తగువులు

దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఒక మేడ మీంచి మా మేనల్లుడు పైడితల్లమ్మ పండగలో ఊరేగే సిరిమాను ఫొటో తీశాడు. మంచి ఫొటో. కింద ఇసకేస్తే రాలని జనం, మధ్యలోంచి ఏటవాలుగా పైకి లేచిన చింతమాను, ఆ మాను కొసన ఆసనంలో పూజారి. మాను మొత్తం పట్టాలని ఫోను నిలువుగా తిప్పి, కెమెరాలో 16:9 పెట్టి మరీ తీశాడు. వాళ్లమ్మ దేవుడి గదిలో పెట్టుకోవడానికని 8×10 అంగుళాల ప్రింటు చెప్పాడు. రెండు రోజులకి కవరు విప్పితే మాను ఉంది, జనం సగమే ఉన్నారు, పూజారి లేడు. మా అక్క ప్రింటు తిరగేసి వెనకవైపు కూడా చూసింది.

“ఏట్రా ఇది? మాను ఉంచి పూజారిని ఒగ్గీసినారు?”

మావాడు స్టూడియో మీదికి దెబ్బలాటకి బయల్దేరుతుంటే నేనే ఆపాను. కోత పడిన మాట నిజం. కానీ ‘8×10’ అని నోటితో చెప్పిన క్షణంలోనే ఆ కోత ఖాయమైపోయింది. ఎక్కడ కొయ్యాలో ఎవరూ చెప్పలేదు గనక మిషను ఫొటోని నడిమికి పెట్టి పైనా కిందా సమానంగా లేపేసింది. మిషనుకి పూజారీ తెలీదు, పందిరి గుంజా తెలీదు.

కొన్నేళ్లు నేను శ్రీకాకుళంలో ఒక స్టూడియో కౌంటరు వెనక కూర్చున్నవాణ్ని. ఆ బల్ల మీద రోజూ తెగని తగువుకి మూలం ఒకే మాట: సైజు. “ఏ సైజు కావాలండి?” అని మేం అడిగితే కాగితం కొలత అడుగుతున్నామన్నమాట. “పెద్ద సైజేనండి, 5 ఎంబీ ఉంది” అని వచ్చినవాళ్లు చెబితే అది ఫైలు బరువు. “నా ఫోను 50 మెగాపిక్సెల్ సైజు” అంటే ఫొటోలోని చుక్కల (పిక్సెళ్ల) లెక్క. “అప్లికేషన్లో పట్టే సైజు” అంటే ఇంకోటి. వీటన్నిటికీ వెనక, ఎవరూ పేరుపెట్టి పిలవనిది ఒకటి ఉంది. అది ఆకారం. ఫొటో కాగితం మీద కుదరకపోవడానికి తొంభైపాళ్లు కారణం అదే. అందుకే ముందు దాని సంగతి చూద్దాం.

పొడుగు వైపుని పొట్టి వైపుతో భాగించండి. వచ్చిన అంకె ఆ ఆకారం. మామూలుగా ఫోను తీసే ఫొటో 4:3, అంటే 1.33. పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫరు మెడలో వేలాడే పెద్ద కెమెరాది 3:2, అంటే 1.5. మావాడు పెట్టిన 16:9 అంటే 1.78. ఇక కాగితాల వైపు రండి. పోస్టుకార్డు సైజు అనే 4×6 కి 1.5. అల్లాగే 8×12, 12×18 కూడా 1.5. 5×7 కి 1.4. గోడకి తగిలించే 8×10, 12×15 రెండూ 1.25. ఏ4 కి 1.41. ఫొటో అంకే కాగితం అంకే ఒకటైతే అతికినట్టు కూర్చుంటుంది. తేడా వస్తే మాత్రం మూడే దారులు: మిగిలింది కొయ్యాలి, లేదా ఖాళీ వదలాలి, లేదా సాగదియ్యాలి. నాలుగోది లేదు. ఈ మధ్య కంప్యూటర్లు లేని ఆకాశాన్నీ లేని గోడనీ కల్పించి అతికిస్తున్నాయి. అది ఫొటోని కాగితానికి సరిపెట్టడం కాదు, జరగనిదాన్ని జరిగినట్టు చూపించడం. పండగ ఫొటోకి నేనైతే ఒప్పుకోను.

ఇన్ని ఆకారాలు ఎందుకొచ్చాయంటే, ఒక్కోటి ఒక్కో కాలంలో ఒక్కో అవసరానికి పుట్టింది. 8×10 గాజు పలకల, షీట్ ఫిల్ముల కాలంది. నెగటివ్ ఎంత ఉంటే దాన్ని కాగితం మీద బోర్లించి అంతే ప్రింటు తీసేవారు, పలక కొలతే ఫొటో కొలత. 4:3 సినిమాది. 1890ల్లో ఎడిసన్ ప్రయోగశాలలో డిక్సన్ అనే ఆయన 35 మి.మీ. ఫిల్ము మీద నాలుగేసి రంధ్రాలకి ఒక బొమ్మ చొప్పున పెట్టాడు, ఆ బొమ్మ ఆకారమే టీవీకి, అక్కణ్నుంచి కంప్యూటరు తెరకి, ఆ తెర మీద చూసుకునే డిజిటల్ కెమెరాకి, చివరికి మన జేబులో ఫోనుకి వారసత్వంగా వచ్చింది. 3:2 కూడా ఆ ఫిల్ములోంచే పుట్టింది. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అదే సినిమా ఫిల్ముని అడ్డంగా నడిపించి, రెండు బొమ్మల చోటుని ఒకటి చేసి 24×36 మి.మీ. ఫొటో తీసే చిన్న కెమెరా కట్టాడు. 1925లో అది లైకా పేరుతో బజారుకొచ్చింది. ఏ4 ఆఫీసు కాగితం. సగానికి మడిచినా ఆకారం మారకూడదని 1922లో జర్మన్లు ప్రమాణంగా రాసుకున్న లెక్క అది. ఫొటోతో దానికి చుట్టరికమే లేదు. ఇవన్నీ వచ్చి మన స్టూడియో బల్ల మీద కలుసుకున్నాయి. శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలో మొదటిసారి బస్సు దిగిన మనిషిలా ఫొటో ఎటు పోవాలో తెలీక నిలబడుతుంది.

ఎంత పోతుందో ఒకసారి లెక్క కట్టి చూస్తే కోపం తగ్గుతుంది. 12 మెగాపిక్సెల్ ఫోను ఫొటో 4000×3000 చుక్కలు. దాన్ని 4×6 మీద అంచుల దాకా వేస్తే పొట్టి వైపున 333 చుక్కలు, అంటే 11 శాతం పోతుంది. అడ్డంగా తీసిన గ్రూపు ఫొటోలో వెనక వరస తలలూ ముందు వరస పాదాలూ ఉండేది సరిగ్గా ఆ 11 శాతంలోనే. 5×7 కి అయిదు శాతం లోపే నష్టం. 8×10 కి ఆరు శాతం చిల్లర, అదీ పొడుగు వైపునుంచి. అదే పెద్ద కెమెరా ఫొటోని 8×10 లేదా 12×15 చేయిస్తే ఆరోవంతు గాలికి పోతుంది. ఖరీదైన కెమెరాతో తీయించుకున్న పెళ్లి ఫొటో ఫ్రేము కట్టించేసరికి చివరి బాబాయి భుజం దగ్గర తెగిపోయేది ఇందుకే. ఇక మావాడి 16:9 ఫొటో 8×10 మీద దాదాపు 30 శాతం నష్టపోయింది. పైన 15, కింద 15. పూజారి పై 15లో ఉన్నాడు.

ఇక్కడ ఫోను వాడేవాళ్లకి ఒక మాట. 16:9 అన్నా, ‘ఫుల్’ అన్నా ఎక్కువ చోటు పడుతుందని చాలామంది నమ్మకం. ఫొటోల విషయంలో అది తలకిందులు. సాధారణంగా లోపల బొమ్మని పట్టే సెన్సరు ఆకారం 4:3. మిగతావన్నీ అందులోంచి కోసి ఇచ్చేవే. తెర నిండా కనిపిస్తుంది కాబట్టి నిండుగా అనిపిస్తుంది, నిజానికి పక్కలు అక్కడే పోయాయి. మావాడు మొదటి కోత తన ఫోనులోనే వేసుకున్నాడు, రెండోది స్టూడియోలో పడింది. కెమెరా ఎప్పుడూ 4:3లో ఉంచి, నాలుగు వైపులా ఒక బెత్తెడు గాలి వదిలి తీసుకుంటే తర్వాత ఏ కాగితానికైనా కోసుకోవచ్చు.

ఫోను ఫొటోకి సరిగ్గా సరిపోయే కాగితం మరి లేదా అంటే, ఉంది. 6×8. దాన్ని గోడకి పెంచితే 12×16. రెండూ 1.33. చాలా ల్యాబుల్లో 6×8 వేస్తారు, మనమే అడగం. బట్ట తానుకి పన్నా ఉన్నట్టు ల్యాబులో కాగితం చుట్టకీ పన్నా ఉంటుంది. ఆరంగుళాల పన్నా చుట్టని నాలుగు దగ్గర తెంపితే 4×6, ఎనిమిది దగ్గర తెంపితే 6×8, తొమ్మిది దగ్గర 6×9. మిషనుకి తేడా లేదు. పోస్టుకార్డు సైజు అలవాటైపోయి “4×6 వేసీయండి” అని మనమే అంటాం, తర్వాత తలకాయలు లెక్కపెట్టుకుంటాం. ఆల్బంలో జేబులు 4×6వే కదా అంటారా, ఆ ఆల్బం కోసం తలలు వదులుకోవాలో, ఆల్బమే మార్చాలో అది ఇంటి పెద్దలు తేల్చుకోవాల్సిన విషయం.

సాగదీయడం గురించి ఎక్కువ చెప్పను. ఏ జంక్షనులోనైనా ఫ్లెక్సీలు చూడండి. సన్నటి మనిషి గుమ్మడికాయ మొహంతో నవ్వుతుంటాడు. ఆకారం కుదరనప్పుడు మూల పట్టుకుని లాగితే పొడవూ వెడల్పూ కలిసి పెరుగుతాయి, పక్క పట్టుకుని లాగితే మనిషే మారిపోతాడు. తేడా అంతే.

అంచు వదలడాన్ని మాత్రం మనవాళ్లు అన్యాయంగా చిన్నచూపు చూస్తారు. “తెల్లగా ఒగ్గీసినారేటి? కాగితానికి డబ్బులిచ్చినాం కదా” అని కౌంటరు దగ్గర ఎన్నిసార్లు విన్నానో. తాతల కాలం నలుపు తెలుపు ఫొటోలు పెట్టెలోంచి తీసి చూడండి, చుట్టూ తెల్ల అంచు ఉంటుంది. పట్టుకుంటే వేలిముద్ర దాని మీదే పడేది. ఫ్రేములో పెడితే ఆ చెక్క గాడి మింగేది కూడా దాన్నే. ఫ్రేము గాడి ప్రతి వైపూ నాలుగైదు మిల్లీమీటర్లు దాచేస్తుంది. అంచుల దాకా వేసిన ఫొటోకి ల్యాబు మిషను కూడా, ఓరగా తెల్లగీత కనబడకుండా, బొమ్మని కాస్త పెంచి వేస్తుంది. అంటే లెక్కలో కుదిరిన ఫొటోలో కూడా అంచున ఒక పోగు పోతుంది. సంతకాలూ తేదీలూ అంచుకి ఆనించి పెట్టకూడదనేది అందుకే.

ఆకారం తేలాక రెండో తగువు, చుక్కలు. ఫొటోలో అంగుళాలు ఉండవు, పిక్సెళ్లే ఉంటాయి. కాగితం మీద అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు పరుస్తామన్నదే నాణ్యం. 300 అనే అంకె అందరి నోటా వినిపిస్తుంది. అది ఎక్కడిదంటే మన కంటిది. ఆరోగ్యమైన కన్ను డిగ్రీలో అరవయ్యోవంతు కోణం దాకా రెండు చుక్కల్ని విడదీసి చూడగలదు. అడుగు దూరంలో పట్టుకున్న కాగితం మీద ఆ లెక్క అంగుళానికి సుమారు 290 చుక్కలకి వస్తుంది. కాబట్టి చేతిలో పట్టుకు చూసే ఫొటోకి 300 ఉంటే కన్ను తప్పు పట్టలేదు, 200 ఉన్నా పెద్దగా పట్టదు, 150 దగ్గర మెత్తబడుతుంది, 100 లోపు మెట్లు కనిపిస్తాయి. దూరం పెరిగితే కన్ను ఉదారంగా మారుతుంది. పది మీటర్ల దూరంనుంచి చూసే ఫ్లెక్సీకి అంగుళానికి పది చుక్కలున్నా కన్ను సరిపెట్టుకుంటుంది. అదే ఫైలు తెచ్చి “ఫ్లెక్సీకి బాగా వచ్చింది కదా, ఫొటో ఎందుకు రాదు?” అని అడిగితే జవాబు ఇదే.

ఫైలు వివరాల్లో ‘72 డీపీఐ’ (అంగుళానికి 72 చుక్కలు) అని చూసి హడలిపోయి, దాన్ని 300 అని మార్చుకుని వచ్చేవాళ్లు కొందరు ఉంటారు. అది డబ్బా మీద చీటీ మార్చడం. లోపల బియ్యం అవే. 4000 చుక్కలుంటే 4000 చుక్కలే, ఆరంగుళాల మీద పరిస్తే అంగుళానికి 667, పద్దెనిమిది అంగుళాల మీద పరిస్తే 222. పిక్సెళ్ల సంఖ్య మార్చకుండా చీటీ ఒక్కటే మారిస్తే ఫొటోలో ఏమీ మారదు. అల్లాగే ప్రింటరు పెట్టె మీద 4800 అనో 5760 అనో రాసి ఉండేది సిరా బిందువుల లెక్క. ఒక్క పిక్సెల్ రంగు రావడానికి బోలెడు బిందువులు కలవాలి. రెండిటికీ పొంతన పెట్టుకోనక్కర్లేదు.

చుక్కలు నిజంగా పోయేది దారిలో. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడుగు వైపు సుమారు 1600 చుక్కలకి దిగుతుంది. 4×6 కి అది చాలు, అంగుళానికి 267 పడుతుంది. 12×18 కి పెంచితే 89, అయిపోయినట్టే. 2023లో హెచ్‌డీ అనే మీట వచ్చింది, కొంత నయం. అసలు ఫైలు కావాలంటే డాక్యుమెంటుగా పంపించుకోవాలి, లేదా కేబులు పెట్టి తీసుకోవాలి. అన్నిటికంటే ఘోరం స్క్రీన్‌షాట్. చాలా ఫోన్ల తెర వెడల్పు 1080 చుక్కలు. అడ్డంగా తీసిన 12 మెగాపిక్సెల్ ఫొటోని నిలువుగా పట్టుకున్న తెర మీద చూస్తూ స్క్రీన్‌షాట్ తీస్తే మిగిలేది 1080×810. ఒక మెగాపిక్సెల్ కూడా కాదు. దాదాపు పదమూడు వంతులు పోయి ఒక వంతు మిగిలింది, ఫోనులో మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఈ లెక్క ఎక్కడ గుండెకి తగులుతుందంటే, పెద్దకర్మకి ఫొటో పెంచేటప్పుడు. ఆ పనికి వచ్చేవాళ్లకి వేరే ఫొటో ఉండదు. ఎవరిదో పెళ్లిలో ముప్ఫైమంది మధ్య నిలబడ్డ ఫొటో ఒకటి చూపించి, “ఇందులో మా నాన్న ఒక్కడే కావాల బాబూ, 12×15, ఎల్లుండి పదకొండో రోజు” అంటారు. ఫొటో 12 మెగాపిక్సెలే. కానీ అందులో ఆయన వాటా చుట్టూ కోస్తే 600×750 చుక్కలు. 12×15 మీద పరిస్తే అంగుళానికి 50. దండ వేసేసరికి ఆ మనిషి మంచులో నిలబడినట్టు ఉంటాడు. నేను ఏం చెప్పేవాణ్నంటే, ఫ్రేము పెద్దదే పెట్టండి, లోపల ఫొటో 5×7 దగ్గర ఆపి, చుట్టూ రంగు అట్ట మౌంటు వేయించండి అని. అంగుళానికి 107 వస్తుంది, రెండడుగుల దూరంనుంచి చూసేవాళ్లకి కళ్లు తెలుస్తాయి. కొందరు వినేవారు. కొందరు “అందరిళ్లలో పెద్దదే ఉంది” అనేవారు, వాళ్లనీ తప్పుపట్టలేం.

ఇప్పుడు మూడో తగువు, ఇంట్లోనో జిరాక్సు షాపులోనో వేసుకునే ప్రింటు సంగతి. స్టూడియోలో కోతకి మనిషినో మిషనునో అనొచ్చు. ఇక్కడ తగువంతా ‘ఫిట్’ అనే ఇంకో మాట దగ్గర. విండోస్‌లో ఫొటోల మీద కుడి మీట నొక్కి ప్రింట్ అంటే పాత పద్ధతి కిటికీ ఒకటి వస్తుంది. దాని అడుగున ‘ఫిట్ పిక్చర్ టు ఫ్రేమ్’ అని టిక్కు పెట్టేసి ఉంటుంది. అది ఉంటే బొమ్మ కాగితం నిండుతుంది, మిగిలింది కోసుకుపోతుంది. తీసేస్తే మొత్తం బొమ్మ వచ్చి పక్కన తెలుపు మిగులుతుంది. అదే పీడీఎఫ్ తెరిచి ప్రింట్ అంటే అక్కడా ‘ఫిట్’ ఉంటుంది. అక్కడ దాని అర్థం మొత్తం పేజీని కాస్త కుదించి, ఏదీ పోకుండా కాగితం లోపల పెట్టమని. ఒకే మాట, ఒకచోట కొయ్యమని, ఒకచోట కుదించమని. జిరాక్సు షాపు కుర్రాళ్లు ఇది ఎవరూ చెప్పకుండానే, కాగితాలు పాడుచేసుకుని నేర్చుకున్నారు.

దీనికన్నా ఎక్కువ కాగితాలు తగలేసేది ప్రింటరుకి అబద్ధం చెప్పడం. ట్రేలో 4×6 గ్లాసీ కాగితం పెట్టి, సెట్టింగులో ఏ4 అలాగే ఉంచేస్తారు. ప్రింటరు తన ముందు ఏ4 ఉందనుకుని దాని నడుమ బొమ్మ వేస్తుంది. చిన్న కాగితం మీద ఒక చెవీ, కాస్త ఆకాశమూ పడి, మిగతాది రోలరు మీద పడుతుంది. పేపర్ సైజు రెండుచోట్ల చెప్పాలి: బొమ్మ తెరిచిన ప్రోగ్రాములో ఒకసారి, ప్రింటరు ప్రాపర్టీస్‌లో ఒకసారి. రెండూ ఒకే మాట చెప్పాలి. కాగితం రకం కూడా అక్కడే ఉంటుంది. గ్లాసీ పెట్టి ‘ప్లెయిన్’ అని వదిలేస్తే సిరా లెక్క తప్పి ఆరదు, వేలికి అంటుతుంది.

అంచుల దాకా రావాలంటే బోర్డర్‌లెస్ అనే టిక్కు పెట్టాలి. మామూలుగా ఇంటి ప్రింటర్లు చుట్టూ మూడు మిల్లీమీటర్ల చొప్పున తాకలేవు. బోర్డర్‌లెస్ పెట్టినప్పుడు ప్రింటరు బొమ్మని కాగితం కన్నా కాస్త పెద్దది చేసి, అంచు దాటిన సిరాని లోపలున్న స్పాంజి మీద చల్లేస్తుంది. కాబట్టి ఇక్కడా చుట్టూ కొంత పోవడం ఖాయం. ఆ పెంచడం ఎంతో తగ్గించుకోవడానికి చాలా ప్రింటర్లలో జరుపుకునే మీట ఒకటి ఉంటుంది, కనిష్ఠానికి లాగితే నష్టం తగ్గుతుంది, ఓరగా సన్నటి తెల్లగీత వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

ఏ4 గ్లాసీ కాగితం చవకని, దాని మీద నాలుగు 4×6లు వేసి కోసుకుందామనే ఆలోచన అందరికీ వస్తుంది. నాకూ వచ్చింది. పట్టవు. ఏ4 పొడవు 297 మి.మీ., రెండు ఆరంగుళాలు కలిస్తే 305. ఎనిమిది మిల్లీమీటర్ల దగ్గర బేరం తెగిపోతుంది. రెండు నిలువుగా పక్కపక్కన, వాటి కింద ఒకటి అడ్డంగా, మొత్తం మూడే పడతాయి. నాలుగూ కావాలంటే ఏ4ని నాలుగు చేస్తే వచ్చే 105×148 కొలతకి ఫొటోలు కోసుకోవాలి, ఆకారం 1.41. అప్పుడు మాత్రం అంచుల దాకా వచ్చే బోర్డర్‌లెస్ పెట్టక తప్పదు.

పాస్‌పోర్టు ఫొటోకి ఈ కొసరు లెక్కలేవీ చెల్లవు. అక్కడ మిల్లీమీటరు మిల్లీమీటరే. 35×45 మి.మీ. ఫొటోలు 4×6 కాగితం మీద సరిగ్గా ఎనిమిది పడతాయి, వరసకి నాలుగు. పాన్ దరఖాస్తుకి 25×35. అమెరికా వీసాకి రెండంగుళాల చదరం. స్టూడియోవాళ్లు షీటు తయారుచేసి పెన్‌డ్రైవ్‌లో ఇస్తారు, మనం జిరాక్సు షాపుకి పట్టుకెళ్తాం, అక్కడ ఆ ‘ఫిట్’ టిక్కు ఉంటుంది. 97 శాతానికి కుదించిందనుకోండి, 45 కాస్తా 43.6 అవుతుంది. కంటికి తెలీదు, స్కేలుకి తెలుస్తుంది. అందుకే అక్కడ ‘యాక్చువల్ సైజ్’ అనో ‘100 శాతం’ అనో పెట్టమనాలి. వచ్చిన ప్రింటుని అక్కడే స్కేలు పెట్టి కొలవాలి, షాపువాడు నవ్వినా సరే.

ఇక నాలుగో సైజు, కేబీ. ఆన్‌లైన్ దరఖాస్తు నింపే పిల్లలకి ఇదొక్కటే సైజు. 50 కేబీ లోపు అన్నారంటే ఫైలు బరువు అంత ఉండాలని. ఆకారంతో సంబంధం లేదు, కొలతతో లేదు. ప్రమాదం ఎక్కడంటే, ఆ 50 కేబీకి నలిపిన ఫొటోనే తర్వాత ప్రింటుకి తెస్తారు. అసలుది డిలీట్ చేసేసి ఉంటారు. ఎంబీలు ఎక్కువున్నంత మాత్రాన మంచిదనీ లేదు. రాత్రి వెలుతురులో తీసిన ఫొటోలో గింజలు గింజలుగా వచ్చే మచ్చ కూడా బరువు తూగుతుంది. బరువు చూసి కాదు, ఫైలు వివరాల్లో పొడవు వెడల్పుల పిక్సెళ్లు చూసి మాట్లాడుకోవాలి.

మా సిరిమాను దగ్గరికి వస్తే, మేనల్లుణ్ని కూర్చోబెట్టి 2250×4000 ఫొటో తెరిచాం. 8×12 చేయిద్దామనుకున్నాం. ఇప్పుడు పోయేది 30 కాదు, దాదాపు 16 శాతం. ఆ మొత్తం కిందినుంచి, జనం వైపునుంచి తీసేస్తే పూజారి నిక్షేపంగా ఉంటాడు. గీత జరిపి చూపించాను. మా అక్క తెర దగ్గరికి వంగి, ఆ జనంలో వేలు పెట్టింది.

“మీ బావ కాడేట్రా ఈయన? తువ్వాలు తలకి చుట్టుకుని?”

నిజమే. మా బావ. అట్టడుగున, మాను వైపు తలెత్తి చూస్తూ.

పైన పూజారిని కొయ్యలేం, కింద బావని కొయ్యలేం. ఇక కోత మాట వదిలేశాం. 8×12 కాగితం మీద ఫొటో మొత్తం వేయించాం. 6.75 అంగుళాల వెడల్పున బొమ్మ, చెరోవైపూ అరంగుళం పైచిలుకు తెలుపు. ప్రింటు పట్టుకుని గంటస్తంభం దగ్గర ఫ్రేములు కట్టేచోటుకి వెళ్లాం. ఆయన ప్రింటు బల్ల మీద పరిచి, స్కేలు ఆనించి, బ్లేడు తీశాడు.

“ఈ తెల్లపట్టీ కోసీమంటారా అమ్మా?”

మా అక్క గబుక్కున చెయ్యి అడ్డం పెట్టింది.